తిరుపతిలో నీడకూ గడియారానికీ పొత్తు కుదిరే రోజులు

తిరుపతిలో ఒక సన్‌డయల్‌ను లెక్క ప్రకారం నిలబెడితే, అది చేతి గడియారంతో ఏడాదికి రెండుసార్లే ఏకీభవిస్తుంది. అక్టోబర్ 8 ప్రాంతంలో ఒకసారి, నవంబర్ 27, 28 ప్రాంతంలో మరొకసారి. ఫిబ్రవరి రెండో వారంలో నీడ ఇరవై ఆరు నిమిషాలకు పైగా వెనకబడి ఉంటుంది. నవంబర్ మొదటి వారంలో నాలుగు నిమిషాలు ముందుకు పోతుంది. ఈ తేడా చూసి నీడ గడియారం మోటు సాధనమని, గడియారంతో కలిసిన రెండు రోజులే అది నిజం చెబుతుందని అనుకోవడం మామూలు. అసలు సంగతి దీనికి తిరగబడి ఉంది. నీడ ఏ రోజుకారోజు ఆ ఊరి ఆకాశంలో సూర్యుడు ఎక్కడున్నాడో ఉన్నదున్నట్టు చెబుతుంది. గడియారం చెప్పేది ఇంకో ఊరి కాలం, అదీ ఏడాది పొడుగునా సగటు వేసిన కాలం. కాబట్టి రెండూ కలిసే తేదీ సన్‌డయల్‌కు పెట్టే పరీక్ష కాదు. దేశం ఏ రేఖను తన కాలానికి ఆధారంగా ఎంచుకుందో, ఆ రేఖకు ఈ ఊరు ఎంత దూరమో, భూమి ఆ నెలలో ఎలా నడుస్తోందో, ఈ మూడూ కలిసి తేల్చే ఫలితం అది. దక్షిణ రాయలసీమ ఈ లెక్కకు చక్కని ఉదాహరణ. ఏడాదికి రెండుసార్లు కలిసే ఊళ్ళకూ ఎన్నటికీ కలవని ఊళ్ళకూ మధ్య హద్దు పాత చిత్తూరు జిల్లా గుండానే పోతుంది.

మొదటి సవరణ రేఖాంశానిది. భూమి 24 గంటల్లో 360 డిగ్రీలు తిరుగుతుంది కనుక ఒక్కో డిగ్రీకి నాలుగు నిమిషాలు. భారత ప్రామాణిక కాలం 82½ డిగ్రీల తూర్పు రేఖాంశానికి కట్టింది. ఆంధ్రప్రదేశ్‌లో ఆ రేఖ తుని దగ్గరగా సాగుతుంది. తిరుపతి రేఖాంశం సుమారు 79.42 డిగ్రీలు. తేడా 3.08 డిగ్రీలు, అంటే 12 నిమిషాల 19 సెకన్లు. తుని వైపు సూర్యుడు నడినెత్తి గీతను దాటిన తర్వాత తిరుపతి గీతను చేరడానికి అంతసేపు పడుతుంది. శ్రీకాళహస్తికి ఈ తేడా 11 నిమిషాల పైచిలుకు, చిత్తూరుకు 13 నిమిషాల 36 సెకన్లు, మదనపల్లెకు ఇంచుమించు 16 నిమిషాలు. పడమరకు పోయేకొద్దీ పెరుగుతుంది, ఉత్తర దక్షిణాలుగా జరిగితే మారదు. తిరుమల కొండ ఎత్తుతోనూ దీనికి పని లేదు. ఇది తెలుగునాట కొత్తగా వచ్చిపడిన ఆలోచనేమీ కాదు. పంచాంగం కట్టే సిద్ధాంతులు దీన్ని దేశాంతర సంస్కారం అంటారు. వాళ్ళ మూలరేఖ ఉజ్జయిని మీదుగా లంకకు పోయేది. ఉజ్జయినికి తిరుపతి తూర్పున ఉంది కాబట్టి అక్కడ లెక్క తారుమారవుతుంది: ఉజ్జయిని మధ్యాహ్నానికి సుమారు పద్నాలుగున్నర నిమిషాల ముందే, అంటే ముప్పై ఆరు విఘడియల ముందే, తిరుపతికి మధ్యాహ్నం అవుతుంది. మూలరేఖ మారితే సవరణ గుర్తే మారిపోతుంది. ఈ సంగతి ముందుముందు అవసరపడుతుంది.

రెండో సవరణ ఊరిని బట్టి కాదు, తేదీని బట్టి వస్తుంది. దీన్ని కాల సమీకరణం అంటారు. సూర్యుడు ఒక మధ్యాహ్నం నుంచి మరుసటి మధ్యాహ్నానికి రావడానికి కచ్చితంగా 24 గంటలు పట్టదు. కొన్ని రోజుల్లో కొన్ని సెకన్లు ఎక్కువ, కొన్ని రోజుల్లో తక్కువ. డిసెంబర్ చివర్లో రోజుకు ముప్పై సెకన్ల దాకా ఎక్కువే పడుతుంది. ఈ సెకన్లు పోగై నిమిషాలవుతాయి. కారణాలు రెండు. భూమి జనవరి మొదటి వారంలో సూర్యుడికి దగ్గరగా, వేగంగా కదులుతుంది; జూలై మొదటి వారంలో దూరంగా, నిదానంగా. ఈ ఒక్క కారణం వల్లే నీడ జనవరి నుంచి జూలై దాకా వెనకబడి, జూలై నుంచి జనవరి దాకా ముందుంటుంది. ఎక్కువలో ఎక్కువ ఏడు నిమిషాల నలభై సెకన్ల మేర. భూమి ఇరుసు 23.4 డిగ్రీలు ఒరిగి ఉండడం రెండో కారణం. సూర్యుడి దారి విషువద్వృత్తానికి, అంటే భూమధ్యరేఖ మీదుగా ఆకాశంలో గీసుకునే వృత్తానికి, ఏటవాలుగా ఉన్నందువల్ల అదే వేగం కొన్ని నెలల్లో తూర్పుకు ఎక్కువగా, కొన్ని నెలల్లో తక్కువగా లెక్కకొస్తుంది. దీని వాటా దాదాపు పది నిమిషాలు, ఏడాదికి రెండు ఆవృత్తులు. సెప్టెంబర్ చివరి నుంచి డిసెంబర్ చివరి దాకా రెండు కారణాలూ నీడను ఒకే వైపుకు, ముందుకు నెడతాయి. అందుకే నవంబర్ 3 ప్రాంతంలో నీడ సగటు కాలం కంటే 16 నిమిషాల 25 సెకన్లు ముందుంటుంది. జనవరి నుంచి మార్చి దాకా రెండూ కలిసి వెనక్కు లాగితే ఫిబ్రవరి 11 ప్రాంతంలో 14 నిమిషాల 15 సెకన్లు వెనకబడుతుంది. వేసవిలో రెండూ ఎదురెదురుగా లాగుతాయి కనుక తేడా చిన్నది: మే 14 ప్రాంతంలో 3 నిమిషాల 40 సెకన్లు ముందు, జూలై 26 ప్రాంతంలో ఆరున్నర నిమిషాలు వెనుక. సిద్ధాంత గ్రంథాల్లో ఈ రెండు కారణాలకూ విడివిడిగా పేర్లున్నాయి. వేగపు తేడా వల్ల వచ్చేది భుజాంతరం, ఏటవాలు వల్ల వచ్చేది ఉదయాంతరం. ఉదయాంతరాన్ని 11వ శతాబ్దపు శ్రీపతి చెప్పాడు. 1150 నాటి సిద్ధాంత శిరోమణిలో భాస్కరాచార్యుడు దాన్ని వివరించాడు. ఐరోపా నుంచి లోలకం గడియారాలు రాకముందే, నీడ చూపే కాలం వేరు, సగటు కాలం వేరు అన్న తెలివిడి ఇక్కడి గణకులకు ఉంది.

ఈ రెండు సవరణలనూ ఎదురెదురుగా పెడితే ప్రశ్నకు జవాబు వస్తుంది. రేఖాంశం వల్ల తిరుపతి నీడ గడియారం కంటే 12 నిమిషాల 19 సెకన్లు వెనుక. ఏ రోజు కాల సమీకరణం నీడను సరిగ్గా 12 నిమిషాల 19 సెకన్లు ముందుకు నెడుతుందో ఆ రోజు పద్దు సరిపోతుంది. వార్షిక పట్టిక తెరిస్తే ఆ విలువ అక్టోబర్ 8 దగ్గర పెరుగుతూ ఒకసారి, నవంబర్ 27, 28ల మధ్య తరుగుతూ ఒకసారి కనిపిస్తుంది. నడుమ ఏడు వారాలు నీడ గడియారం కంటే ముందు. తక్కిన పదిన్నర నెలలు వెనుక. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. కాల సమీకరణానికి పుస్తకాల్లో తరచు కనిపించే మూడు పదాల త్రికోణమితి సూత్రం మొత్తం మీద పనికొస్తుంది గానీ, అక్టోబర్ మొదట్లో దాదాపు ఒక నిమిషం తప్పుతుంది. ఆ రోజుల్లో కాల సమీకరణం రోజుకు పదిహేడు సెకన్ల చొప్పున పెరుగుతుంది కాబట్టి, నిమిషం తప్పితే తేదీ మూడు నాలుగు రోజులు జరిగిపోతుంది. తేదీ కావలసినవాళ్ళు పట్టికనే నమ్ముకోవాలి. లీపు సంవత్సరాల వల్ల తేదీ ఒక రోజు అటూ ఇటూ ఊగుతుంది; దానికి మందు లేదు.

ఇదే లెక్కను పడమరకు నడిపిస్తే అసలు రుచి తెలుస్తుంది. శ్రీకాళహస్తిలో కలిసే తేదీలు అక్టోబర్ 4, డిసెంబర్ 1 ప్రాంతం. తిరుపతిలో అక్టోబర్ 8, నవంబర్ 27. చిత్తూరులో అక్టోబర్ 13, నవంబర్ 23. మదనపల్లెలో అక్టోబర్ 27, నవంబర్ 11. రెండు తేదీలూ నవంబర్ 3 వైపు ఒకదానికొకటి దగ్గరవుతూ వస్తున్నాయి. రేఖాంశం 78.4 డిగ్రీల దగ్గర అవి ఒక్కటైపోతాయి, ఎందుకంటే అక్కడ కావలసిన సవరణ కాల సమీకరణపు శిఖరంతో, 16 నిమిషాల 25 సెకన్లతో, సమానం. ఆ గీత హార్స్‌లీ కొండల మీదుగా పోతుంది. అంటే ఆ కొండ మీద నీడా గడియారమూ ఏడాదికి ఒక్కసారి, నవంబర్ 3న, ముట్టీ ముట్టనట్టు తాకి విడిపోతాయి. అక్కడికి పడమరన అనంతపురం, కర్నూలు, బెంగళూరు ఉన్నాయి. ఆ ఊళ్ళలో ఎంత మంచి సన్‌డయల్ పెట్టినా ఏ రోజూ గడియారంతో కలవదు. అనంతపురంలో నీడ నవంబర్ 3న కూడా మూడు నిమిషాల పైన వెనుకే. కుప్పం సంగతి మరీ చిత్రం. దాని రేఖాంశం 78.37 డిగ్రీల దగ్గర కాబట్టి, లెక్క ప్రకారం అదీ ఎన్నటికీ కలవని ఊరే, కానీ ఆరేడు సెకన్ల తేడాతో. ఆరేడు సెకన్లకు ఇంత హంగామానా అని ఎవరైనా అడిగితే ఆ ప్రశ్న న్యాయమే. సూర్యబింబం ఆకాశంలో అర డిగ్రీ వెడల్పు. ఆ అర డిగ్రీ దాటడానికి రెండు నిమిషాలు పడుతుంది. అందుకే సన్‌డయల్ పుల్ల నీడకు అంచు కత్తిరించినట్టు ఉండదు, మసకగా ఉంటుంది. చేతికందే పరిమాణంలోని సన్‌డయల్ మీద నిమిషం కంటే చిన్న తేడాను చదవడం కష్టం. కుప్పంలో కలిసిందో లేదో కంటితో తేల్చలేం. హద్దు కాగితం మీద పదునుగా ఉంటుంది, సన్‌డయల్ పళ్ళెం మీద మసకబారుతుంది. ఇంకో మాట: మదనపల్లె లాంటి ఊళ్ళో ఆ మసకే మేలు చేస్తుంది. అక్టోబర్ 27 నుంచి నవంబర్ 11 దాకా పక్షం రోజుల పాటు తేడా అర నిమిషం దాటదు కాబట్టి, కంటికి అది రెండు రోజుల పొత్తు కాదు, పదిహేను రోజుల కాపురం. తిరుపతిలో మాత్రం నీడ రోజుకు పదిహేడు, పందొమ్మిది సెకన్ల వడిలో గడియారాన్ని దాటిపోతుంది. వారం తిరిగేసరికి రెండు నిమిషాలు.

తూర్పుకు నడిస్తే ఎన్నిసార్లు కలుస్తాయన్న లెక్క ఇంకో విధంగా మారుతుంది. కావలసిన సవరణ 3 నిమిషాల 40 సెకన్ల కంటే తక్కువైతే మే నెలలోని చిన్న శిఖరం కూడా అందుబాటులోకి వస్తుంది, ఏడాదికి నాలుగు తేదీలు దొరుకుతాయి. ఆ హద్దు 81.58 డిగ్రీల దగ్గర, భీమవరానికి కాస్త తూర్పున పడుతుంది. విజయవాడకు రెండు తేదీలే, సెప్టెంబర్ 23, డిసెంబర్ 10 ప్రాంతాల్లో. రాజమండ్రికి, కాకినాడకు, విశాఖపట్నానికి నాలుగేసి. తెలుగువాళ్ళలో చాలామంది చూసిన సన్‌డయల్ అన్నవరం కొండ మీదది. అన్నవరం ప్రామాణిక రేఖకు పదో వంతు డిగ్రీ దూరంలోనే ఉంది, తేడా ఇరవై నాలుగు సెకన్లు. అక్కడి నీడకు రేఖాంశపు భారం ఇంచుమించు లేదు. కాల సమీకరణం ఒక్కటే దిద్దుకోవాలి. ఏప్రిల్ 17, జూన్ 11, సెప్టెంబర్ 2, డిసెంబర్ 24 ప్రాంతాల్లో అది గడియారంతో కలుస్తుంది. అన్నవరంలో నీడను చేతి గడియారంతో సరిపోల్చి, దాదాపు సరిగ్గా ఉందే అని మెచ్చుకుని వచ్చిన యాత్రికుడు, అదే పనితనంతో తిరుపతిలో కట్టిన సన్‌డయల్‌ను చూసి పావుగంట తప్పు చూపిస్తోందని పెదవి విరవచ్చు. రెండిటి పనితనం ఒక్కటే. ఊళ్ళు వేరు.

ఏకీభవించే రోజుల సంఖ్య ప్రకృతి ఒక్కటే ఇచ్చినది కాదు, పరిపాలన కూడా ఇచ్చినది అనడానికి బలమైన సాక్ష్యం చరిత్రలో ఉంది. 1792లో ఈస్టిండియా కంపెనీ మద్రాసు నుంగంబాకంలో నక్షత్రశాల కట్టించింది. దాని రాతిస్తంభం ఇప్పటికీ ఉంది, దాని మీద చెక్కిన మాటల్లో తెలుగూ ఉంది. ఆ నక్షత్రశాల రేఖాంశం 80¼ డిగ్రీలకు కట్టినదే మద్రాసు కాలం. తంతి తీగల మీదుగా అది రైల్వేలకు అందింది; బొంబాయికీ కలకత్తాకూ నడుమ ఉంది గనుక 19వ శతాబ్దం చివర దేశంలోని రైళ్ళన్నిటికీ అదే కాలమైంది. విల్లుపురం నుంచి పాకాల, మదనపల్లెల మీదుగా ధర్మవరానికి 1890ల్లో మీటరుగేజి బండి నడిచేనాటికి స్టేషన్లలో ఉన్నది ఆ కాలమే. ఇప్పుడు లెక్క మళ్ళీ వేద్దాం. మద్రాసు రేఖకు తిరుపతి 0.83 డిగ్రీలే పడమర. సవరణ 3 నిమిషాల 19 సెకన్లు. ఇది 3 నిమిషాల 40 సెకన్ల కంటే తక్కువ! అంటే మద్రాసు కాలం నడిచిన రోజుల్లో తిరుపతి నీడ గడియారంతో ఏడాదికి నాలుగుసార్లు కలిసేది: మే మొదటి వారం చివర్లో, మే 22 ప్రాంతంలో, సెప్టెంబర్ 11 ప్రాంతంలో, డిసెంబర్ 18 ప్రాంతంలో. చిత్తూరుకు సవరణ నాలుగున్నర నిమిషాలు దాటుతుంది కాబట్టి అప్పుడూ రెండుసార్లే. హద్దు చంద్రగిరి దగ్గర పడేది. 1906 జనవరి 1న భారత ప్రామాణిక కాలం అమల్లోకి వచ్చింది. గడియారం ముల్లు తొమ్మిది నిమిషాలు ముందుకు జరిగింది. ఆ తొమ్మిది నిమిషాలతో తిరుపతి మే నెల తేదీలు రెండూ పోయాయి, మిగిలిన రెండు అక్టోబర్, నవంబర్‌లకు మారాయి. సూర్యుడు ఇసుమంత కూడా జరగలేదు. రెండో ప్రపంచ యుద్ధంలో 1942 సెప్టెంబర్ నుంచి 1945 అక్టోబర్ దాకా గడియారాన్ని మరో గంట ముందుకు తిప్పారు. ఆ మూడేళ్ళలో తిరుపతి నీడ గడియారం కంటే ఎప్పుడూ దాదాపు గంట వెనుకే, లేదా ఇంకా ఎక్కువే. ఒక్క రోజూ కలవలేదు. ఒకే రాయి, ఒకే పుల్ల, ఒకే నీడ. కలిసే రోజులు మాత్రం నాలుగు, రెండు, సున్నా, మళ్ళీ రెండు.

దీనికి ఎదురుగా వచ్చే వాదన ఒకటుంది, తోసిపుచ్చదగ్గది కాదు. లెక్క ఎంత చక్కగా ఉన్నా సన్‌డయల్ అంత చక్కగా ఉండదు, ముఖ్యంగా తిరుపతి అక్షాంశంలో. ఇందులో నిజముంది. సన్‌డయల్ పుల్ల భూమి ఇరుసుకు సమాంతరంగా, అంటే నేలకు అక్షాంశమంత కోణంలో, ధ్రువతార వైపు చూస్తూ ఉండాలి. తిరుపతిలో ఆ కోణం 13.6 డిగ్రీలే, పుల్ల ఇంచుమించు పడుకుని ఉంటుంది. పళ్ళేన్ని నేలకు సమంగా పరిస్తే గంట గీతలు మధ్యాహ్నం దగ్గర ఒకదాని మీద ఒకటి పడ్డట్టు ఇరుక్కుంటాయి. పన్నెండు గీతకూ ఒంటిగంట గీతకూ నడుమ 3.6 డిగ్రీలు. పన్నెండు నుంచి మూడు దాకా మూడు గంటలు కలిసి 13 డిగ్రీల్లో ఒదుగుతాయి. మూడు నుంచి ఆరు దాకా మాత్రం 77 డిగ్రీల మేర విచ్చుకుంటాయి. పళ్ళెం మీద ఒక గీత ఒక్క డిగ్రీ పక్కకు పడితే మధ్యాహ్నం దగ్గర పదహారు పదిహేడు నిమిషాల తప్పు వస్తుంది. అది తిరుపతి రేఖాంశ సవరణ కంటే పెద్దది. లండన్ తోటల కోసం పోతపోసిన ఇత్తడి పళ్ళెం ఇక్కడ తెచ్చి పెడితే అలంకారానికే. ఇంకో చిక్కు, తిరుపతిలో సూర్యుడు ఏడాదికి రెండుసార్లు, ఏప్రిల్ 26, ఆగస్టు 16 ప్రాంతాల్లో నిట్టనిలువుగా నడినెత్తికి వస్తాడు. ఆ నడుమ నెలల్లో మధ్యాహ్నపు సూర్యుడు ఉత్తరాన ఉంటాడు, నీడ దక్షిణానికి పడుతుంది. దక్షిణం గోడకు తగిలించిన సన్‌డయల్ ఆ నెలల్లో మధ్యాహ్నం చీకట్లో ఉంటుంది.

కానీ ఇవన్నీ సాధనం ఎంచుకోవడంలోని చిక్కులు, కాలంలోని చిక్కులు కావు. పళ్ళేన్ని పుల్లకు అడ్డంగా, విషువద్వృత్తానికి సమాంతరంగా నిలబెడితే గంటకు కచ్చితంగా 15 డిగ్రీల చొప్పున గీతలు సమంగా పడతాయి. తిరుపతిలో అలాంటి పళ్ళెం దాదాపు గోడలా నిలబడుతుంది. గీతలు రెండు ముఖాల మీదా చెక్కాలి. మార్చి చివరి నుంచి సెప్టెంబర్ దాకా నీడ ఉత్తరం వైపు ముఖం మీద, తక్కిన కాలం దక్షిణం వైపు ముఖం మీద పడుతుంది. మనకు కావలసిన అక్టోబర్, నవంబర్ తేదీలు రెండూ దక్షిణపు ముఖానివే. పెద్దది కడితే మసక కూడా అదుపులోకి వస్తుంది. జైపూర్ జంతర్‌మంతర్‌లోని సమ్రాట్ యంత్రం 27 మీటర్ల ఎత్తుది, గీతలు రెండు సెకన్ల దాకా విభజించి ఉన్నాయి. అంత హంగు లేకుండా మధ్యాహ్నం ఒక్కటే చాలనుకుంటే శంకువు సరిపోతుంది. పన్నెండు అంగుళాల శంకువును నిలువుగా పాతి విషువత్ దినాన మధ్యాహ్నపు నీడ కొలిస్తే వచ్చేది పలభ. తిరుపతికి అది మూడు అంగుళాలకు కొంచెం తక్కువ. పూర్వం సిద్ధాంతి ఒక ఊరి అక్షాంశాన్ని డిగ్రీల్లో కాక పలభలో చెప్పేవాడు. నీడ ఉత్తర దక్షిణ గీతను తాకిన క్షణాన గడియారం చూసుకుంటే ఆనాటి తేడా మొత్తం తెలిసిపోతుంది. ఉత్తరాన్ని దిక్సూచితో కాక పొద్దున, సాయంత్రం సమానమైన నీడల నడిమి గీతతో కనుక్కోవాలి. అయస్కాంతపు ఉత్తరం వేరు, నిజమైన ఉత్తరం వేరు.

సన్‌డయల్ లేనివాళ్ళు కూడా ఈ లెక్కను పరీక్షించవచ్చు. తిరుపతికి గణించిన పంచాంగంలో సూర్యోదయ, సూర్యాస్తమయ సమయాలుంటాయి. ఆ రెండిటి నడిమి క్షణమే ఆ ఊరి నిజమైన మధ్యాహ్నం. వాతావరణం కాంతిని వంచడం వల్ల ఉదయం కొంచెం ముందుకు, అస్తమయం కొంచెం వెనక్కు జరుగుతాయి గానీ, రెండూ సమానంగా జరుగుతాయి కనుక నడిమి క్షణం చెదరదు. ఫిబ్రవరి 11న సూర్యోదయం సుమారు 6:37, అస్తమయం 6:16. నడిమి క్షణం 12 గంటల 26½ నిమిషాలు. నవంబర్ 3న 6:07, 5:44. నడిమి క్షణం 11:56కు కాస్త ఇటు. అక్టోబర్ 8న 6:02, 5:58. నడిమి క్షణం సరిగ్గా 12. కళ్ళతో చూసిన ఉదయాస్తమయాలను మాత్రం ఈ లెక్కకు వాడకూడదు. తిరుపతిలో కొండలు అడ్డం. సూర్యుడు క్షితిజానికి దిగకముందే కనుమరుగవుతాడు.

అక్టోబర్ 8 అంకెల్లో ఇంకో విశేషం దాగి ఉంది. క్యాలెండర్ల మీద అచ్చయ్యే రాహుకాలపు పట్టిక, సోమవారం ఏడున్నర నుంచి తొమ్మిది, శనివారం తొమ్మిది నుంచి పదిన్నర అనే వరస, సూర్యోదయం ఆరింటికి, అస్తమయం ఆరింటికి అనుకుని పగటిని ఎనిమిది భాగాలు చేసినది. తిరుపతిలో ఆ ఊహ రెండు నిమిషాల తేడాలో నిజమయ్యేది అక్టోబర్ మొదటి పక్షంలోనే. అదే ఫిబ్రవరి 11 సోమవారమైతే, పగటిలో రెండో ఎనిమిదో వంతు మొదలయ్యేది ఏడున్నరకు కాదు, ఎనిమిది దాటాక. అభిజిత్ ముహూర్తం మధ్యాహ్నం నడిమధ్యన ఉండేది. దాన్ని గడియారపు పన్నెండు చుట్టూ, 11:36 నుంచి 12:24 దాకా అని చెప్పుకుంటే, ఫిబ్రవరిలో తిరుపతి అసలు మధ్యాహ్నం ఆ గడువులో పడనే పడదు. ముహూర్తాల మీద ఎవరి నమ్మకం వాళ్ళది. నమ్మేవాళ్ళు నమ్మేది సూర్యుణ్ణా, గోడ మీది క్యాలెండర్‌నా అన్నది మాత్రం లెక్కకు సంబంధించిన ప్రశ్నే. నవంబర్ 27న మధ్యాహ్నం పన్నెండింటికే కుదిరినా ఉదయం 6:18కి, అస్తమయం 5:42కి. మధ్యాహ్నం కలవడం ఒకటి, ఉదయం కలవడం మరొకటి. మొదటిది రేఖాంశానికీ కాల సమీకరణానికీ లోబడితే, రెండోదానికి అక్షాంశం కూడా తోడవుతుంది. సిద్ధాంతులు చరం అని వేరే సంస్కారం పెట్టుకున్నది అందుకే. నీడ, గడియారం కలిసే రోజున ఆరింటికే తెల్లవారుతుందని అనుకోవడం ఈ విషయంలో తరచు జరిగే పొరపాటు.

చివరికి మిగిలేది మబ్బుల సమస్య. దక్షిణ రాయలసీమకు ఈశాన్య రుతుపవనం అక్టోబర్ రెండో సగంలో వస్తుంది. నవంబర్ ఇక్కడ వానల నెల. 2021 నవంబర్‌లో తిరుపతి వీధులు వరదలో మునిగింది కూడా ఆ రోజుల్లోనే. నీడ గడియారంతో కలిసే తేదీలు సరిగ్గా సూర్యుడు కనిపించని కాలంలో పడ్డాయి. అన్నవరానికి ఏప్రిల్ ఎండలో ఒక తేదీ ఉంది. పాత మద్రాసు కాలంలో తిరుపతికీ మే ఎండలో రెండు తేదీలుండేవి. ఇప్పుడు అక్టోబర్ 8 మీదే కాస్త ఆశ, నవంబర్ 27 మీద మరీ తక్కువ. అయితే కలిసే రోజును చూడడానికి ఆ రోజే చూడనక్కర్లేదు. ఆకాశం తేటగా ఉండే ఫిబ్రవరి 11న శంకువు నీడ ఉత్తరపు గీత మీదికి వచ్చినప్పుడు గడియారం 12 గంటల 26½ నిమిషాలు చూపిస్తే, అందులో నుంచి ఆనాటి కాల సమీకరణం 14 నిమిషాల 15 సెకన్లు తీసేయాలి. మిగిలిన పన్నెండుంబావు నిమిషాలు తిరుపతి రేఖాంశానివి. ఆ అంకెతో పట్టికలో అక్టోబర్ వరస చూసుకుంటే తేదీ దొరుకుతుంది, ఆ రోజు వాన పడినా సరే.